కోడిపిల్లల జీర్ణకోశ వ్యాధుల నిర్ధారణ: అల్ షహానియా ఎడారి, గోదావరి తీరం

కోడిపిల్లల జీర్ణకోశ వ్యాధుల నిర్ధారణ అంటే, గుడ్డు పగిలి బయటికి వచ్చిన రోజు నుంచి సుమారు ఆరు వారాల వయసు వరకు పిల్లల్లో కనిపించే పారుడు, మేత మానడం, ఎదుగుదల నిలిచిపోవడం, మరణాలు వంటి వాటికి అసలు కారణాన్ని ఒక క్రమంలో తేల్చడం. షెడ్డులో పరిశీలన, చనిపోయిన పిల్లకు పోస్టుమార్టం, ప్రయోగశాల పరీక్ష అనేవి ఇందులో మూడు మెట్లు. పైకి కనిపించే లక్షణం చాలాసార్లు ఒకటే, అది పారుడు. దాని వెనుక బాక్టీరియా ఉండవచ్చు, వైరస్ ఉండవచ్చు, పరాన్నజీవి ఉండవచ్చు, బూజు పట్టిన మొక్కజొన్న ఉండవచ్చు, ఉప్పునీరు కూడా ఉండవచ్చు. అందుకే రెట్ట రంగు చూసి మందు వేసే అలవాటుకు ఈ శాస్త్రంలో చోటు లేదు.

స్థలం, నేపథ్యం

ఖతర్ రాజధాని దోహాకు పడమరగా, దుఖాన్ వెళ్లే రహదారి మీద ఉంది అల్ షహానియా. 2014లో అల్ రయ్యాన్ నుంచి విడదీసి దీన్ని ప్రత్యేక మునిసిపాలిటీ చేశారు. ఒంటె పందేల మైదానానికి ఈ ఊరు పేరుపొందింది. చుట్టూ ఎడారిలో పశువుల దొడ్లు, తోటలు విస్తరించి ఉంటాయి. దొడ్డిని అరబ్బీలో ఇజ్బా అనీ, తోటను మజ్రా అనీ అంటారు. గల్ఫ్ వెళ్లిన తెలుగువాళ్ల నోట మజ్రా మాట తరచుగా వినబడుతుంది. ఒంటెలు, మేకలు, గొర్రెలు ఉన్నచోటే ఓ మూల గుడ్ల కోసం, మాంసం కోసం కోళ్లూ పావురాలూ పెంచడం ఇలాంటి దొడ్లలో మామూలు.

2017 జూన్‌లో సౌదీ అరేబియా, యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్, బహ్రెయిన్, ఈజిప్టు దేశాలు ఖతర్‌తో సంబంధాలు తెంచుకుని సరిహద్దులు మూసేశాయి. 2021 జనవరి వరకు సాగిన ఆ దిగ్బంధంలో పాలు, కోడిమాంసం, గుడ్లు దేశంలోనే పండించుకోవాలన్న పట్టుదల ఖతర్‌లో పెరిగింది. ఎడారిలో కోళ్ల పెంపకం పెరిగేకొద్దీ పిల్లల ఆరోగ్యం గురించిన ప్రశ్నలూ పెరగడం సహజం. ఇదే ప్రశ్నకు తెలుగు నేల మీద చాలా పాత అనుభవం ఉంది. గుడ్ల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ దేశంలో ముందు వరుసలో ఉన్నాయి. కేంద్ర ప్రభుత్వ కోళ్ల పరిశోధన సంస్థ 1988 నుంచి హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో పనిచేస్తోంది. పెరటి పెంపకానికి బాగా వ్యాపించిన వనరాజా, గ్రామప్రియ రకాలు అక్కడ పుట్టినవే.

పిల్ల కడుపు నిర్మాణం

కోడికి పళ్లు లేవు. ముక్కుతో ఏరిన గింజ గొంతు కిందున్న మేతసంచిలో నాని, జీర్ణరసాలు ఊరే ప్రోవెంట్రిక్యులస్‌లోకి, అక్కడి నుంచి కందనకాయలోకి వెళ్తుంది. కందనకాయ ఒక తిరగలి. అక్కడ నలిగిన మేత చిన్నపేగులోకి దిగుతుంది. మొదటి మెలిక డుయోడినం, ఆ మెలిక మధ్య లేత రంగులో క్లోమం ఉంటుంది. చిన్నపేగు చివర రెండు పక్కలా రెండు గుడ్డిసంచులు ఉంటాయి. వీటిని సీకా అంటారు. రెట్ట ద్వారానికి పైన, వెన్ను వైపు, బర్సా అనే చిన్న గ్రంథి ఉంటుంది. పిల్లలో రోగనిరోధక శక్తి తయారయ్యే ముఖ్యస్థానాల్లో ఇదొకటి.

పుట్టిన పిల్ల కడుపులో పచ్చసొన సంచి మిగిలి ఉంటుంది. తొలి రోజులకు అదే పోషణ. సాధారణంగా ఐదారు రోజుల్లో అది పేగులోకి ఇంకిపోతుంది. పేగు మధ్యలో ఓ చిన్న మొటిమలాంటి గుర్తు మాత్రం మిగులుతుంది. పోస్టుమార్టం చేసేవారికి ఆ గుర్తు చిన్నపేగు మధ్యభాగం ఎక్కడో చెప్పే కొండగుర్తు. వారం దాటినా సొన సంచి ఇంకకుండా, కుళ్లు వాసనతో ఉందంటే బొడ్డు ద్వారా సూక్ష్మజీవి లోపలికి వెళ్లిందని అనుమానించాలి. ఇందులో ఎక్కువగా పట్టుబడేది ఇ.కోలి. తప్పు హ్యాచరీలోనో, పిల్లలు వచ్చిన పెట్టెలోనో వెతకాలి.

వయసును బట్టి అనుమానం

నిర్ధారణలో మొదటి ఆధారం వయసు. ఏ వారంలో ఏది ఎక్కువగా వస్తుందో తెలిస్తే సగం దారి దగ్గరవుతుంది.

మొదటి వారంలో బొడ్డు చీము, సొన సంచి వాపు, నీరు తాగక ఎండిపోవడం, చలి తగలడం ముందు వరుసలో ఉంటాయి. వెనక రెట్ట గడ్డకట్టి ద్వారం మూసుకుపోవడం చలికీ, ప్రయాణపు అలసటకూ, ఒక్కోసారి అంటువ్యాధికీ గుర్తు.

రెండు, మూడు వారాల్లో తెల్లపారుడు తలెత్తుతుంది. దీనికి కారణం సాల్మోనెల్లా పుల్లోరం. 1899లో అమెరికా శాస్త్రవేత్త రెట్గర్ దీన్ని గుర్తించాడు. ఇది పెట్ట నుంచి గుడ్డు ద్వారా పిల్లకు దిగుతుంది కాబట్టి పిల్లకు మందు వేయడంతో పని తీరదు. తల్లి మందలో రక్తపరీక్ష చేసి, రోగం మోసే పెట్టలను ఏరివేయాలి.

మూడు నుంచి ఆరు వారాల మధ్య రక్తపారుడు, గంబోరో, పేగు కుళ్లు వస్తాయి. రక్తపారుడును శాస్త్రంలో కాక్సిడియోసిస్ అంటారు. కోళ్లలో దీనికి ఐమీరియా జాతి పరాన్నజీవులు ఏడు కారణం. అమెరికాలోని డెలావేర్ రాష్ట్రంలో ఉన్న గంబోరో ఊరి పేరు మీదుగా వచ్చిన గంబోరో వ్యాధిని 1962లో కాస్‌గ్రోవ్ వర్ణించాడు. అది బర్సాను దెబ్బతీసి, పిల్లలో రోగనిరోధక శక్తిని కుంగదీస్తుంది. తెల్లటి నీళ్లలాంటి పారుడు పైకి కనిపించే గుర్తు మాత్రమే. పేగు కుళ్లుకు కారణం క్లాస్ట్రిడియం పర్ఫ్రింజెన్స్ అనే బాక్టీరియా. రక్తపారుడు ముందుగా పేగు పొరను గాయపరిస్తే, ఈ బాక్టీరియా ఆ గాయాన్ని వాడుకుంటుంది. ఇవి జంటగా రావడం ఎక్కువ.

ఏ వయసులోనైనా రాగలది రాణిఖేత్ వ్యాధి, తెలుగు పల్లెల్లో కొక్కెర తెగులు. 1920ల చివర్లో కుమావూ కొండల్లోని రాణిఖేత్‌లో గుర్తించడంతో ఆ ఊరి పేరు నిలిచింది. పచ్చటి నీళ్లలాంటి రెట్ట, ఉక్కిరిబిక్కిరైన శ్వాస, మెడ తిరగడం కలిస్తే అనుమానం అటు వెళ్లాలి.

షెడ్డులో చూడవలసినవి

అనుభవం ఉన్న పశువైద్యుడు కత్తి తీయకముందు పావుగంట నిలబడి చూస్తాడు. పిల్లలు వెచ్చదనమిచ్చే బ్రూడర్ కింద గుంపుగా నక్కితే చలి. దూరంగా గోడల దగ్గర నోరు తెరిచి రొప్పుతుంటే వేడి. షెడ్డంతా సమంగా పరుచుకుని తింటుంటే సరైన వెచ్చదనం. మొదటి వారం బ్రూడర్ కింద 32 నుంచి 35 డిగ్రీలు ఉండాలి. ఆ తర్వాత వారానికి సుమారు 3 డిగ్రీల చొప్పున తగ్గించాలి.

పిల్లలు దిగిన 24 గంటలకు ఇరవై ముప్పై పిల్లల మేతసంచులను వేళ్లతో నొక్కి చూడాలి. 95 శాతానికి పైగా పిల్లల్లో మేతసంచి నిండుగా, మెత్తగా ఉండాలి. మెత్తని ఉండ అంటే మేతా నీరూ రెండూ అందాయి. గట్టిగా గింజలుగా తగిలితే నీరు అందలేదు. నీటి సంచిలా తొణికితే మేత అందలేదు.

ఇక రెట్ట. మామూలు రెట్ట గోధుమ రంగులో గట్టిగా ఉండి, పైన తెల్లటి మూత్రపు టోపీ ఉంటుంది. రోజుకు ఒకటి రెండుసార్లు సీకా నుంచి చాక్లెట్ రంగు, జిగురు రెట్ట పడుతుంది. ఇది ఆరోగ్యమే. కొత్తగా పెంపకంలోకి వచ్చినవారు దీన్ని చూసి పారుడు అనుకుని కంగారుపడతారు. రెట్ట గట్టిగానే ఉండి చుట్టూ నీళ్ల మడుగు ఉంటే అది పేగు రోగం కంటే మూత్రపు నీరు కావచ్చు. అప్పుడు వెతకవలసింది ఉప్పును.

ఎడారి మాట

అల్ షహానియాలో ఈ ఉప్పు లెక్క చాలా ముఖ్యం. ఖతర్ భూగర్భజలం చాలాచోట్ల ఉప్పదనం కలిగినది. తాగునీటి అవసరాలు ఎక్కువగా సముద్రపు నీటిని శుద్ధి చేసిన నీటితోనే తీరుతాయి. దొడ్డిలో బోరు నీరు కోళ్లకు పెడితే పరిస్థితి మారిపోతుంది. లీటరు నీటిలో కరిగిన లవణాలు 1000 మిల్లీగ్రాముల లోపు ఉంటే ఇబ్బంది లేదు. 3000 దాటితే కోళ్లకు నీళ్లలాంటి రెట్ట, ఎదుగుదల తగ్గడం, మరణాలు పెరగడం మొదలవుతాయి. 5000 దాటిన నీరు కోళ్లకు పనికిరాదు. పిల్లలో కడుపు ఉబ్బి, కోసినప్పుడు పొట్టలో నీరు కనిపిస్తే ఉప్పు విషం అనుమానించాలి. ఇక్కడ ఏ యాంటీబయాటిక్ వేసినా డబ్బు దండగ. నీటి నమూనా పరీక్ష ఖర్చు దాని ముందు ఏపాటి?

ఎండ రెండో శత్రువు. మే నుంచి సెప్టెంబరు వరకు ఖతర్‌లో పగటి వేడి 40 డిగ్రీలు దాటడం మామూలు. కోడికి చెమట గ్రంథులు లేవు. రొప్పుతూ వేడిని బయటికి పంపుతుంది. రక్తం పేగుల నుంచి చర్మం వైపు మళ్లడంతో పేగు గోడ బిగువు సడలుతుంది. పేగులో ఉండాల్సిన బాక్టీరియా, వాటి విషాలు రక్తంలోకి జారతాయి. నీటి వాడకం పెరిగి రెట్ట పలచబడుతుంది. కాబట్టి ఎండాకాలపు పారుడును వెంటనే అంటువ్యాధిగా లెక్కవేయకూడదు. అదే ఎడారిలో జనవరి రాత్రి 15 డిగ్రీల లోపుకు దిగుతుంది. పగలు వేడికి అలవాటుపడిన యజమాని బ్రూడర్ ఆర్పేస్తే తెల్లవారేసరికి పిల్లలు చలికి గుంపుకట్టి, కిందివి నలిగి చస్తాయి.

రక్తపారుడు విషయంలో ఎడారి ఒక మేలు కూడా చేస్తుంది. రెట్టలో పడిన ఐమీరియా గుడ్లు, అంటే ఊసిస్టులు, అంటుకునే శక్తి పొందాలంటే తేమ, గాలి, వెచ్చదనం మూడూ కావాలి. అవి దొరికితే ఒకటి రెండు రోజులు చాలు. ఎండిన ఇసుకలో తేమ ఉండదు. అయితే నీటి గొట్టం కారినచోట, తడి గోడల కూలింగ్ ప్యాడ్ పక్కన, గిన్నె చుట్టూ తడిసిన చారెడు నేల మాత్రం గోదావరి జిల్లాల వానాకాలాన్ని తలపిస్తుంది. వ్యాధి అక్కడే పుడుతుంది. పరిశీలకుడు షెడ్డు మధ్యను చూసి వెళ్లిపోతే ఈ మూల కనబడదు.

ఇసుకనేల మీద పెరిగే పిల్లల్లో ఇంకొకటి చూడాలి. కందనకాయ కోసినప్పుడు మేతకు బదులు ఇసుకా, ఊకా నిండి ఉంటే పిల్లలకు మొదటి రోజుల్లో మేత తెలియలేదని అర్థం. దాణా పళ్లెం వెలుతురులో లేకపోవడం, తక్కువ పళ్లేలు పెట్టడం దీనికి మూలాలు.

పోస్టుమార్టం

కళ్లెదుట చనిపోయినవీ, జబ్బుతో ఉన్నవీ కలిపి ఐదారు పిల్లలను కోసి చూడాలి. ఎండలో పడి ఉన్న కళేబరం పేగు పొర కొద్ది గంటల్లోనే కుళ్లి జారిపోతుంది. కుళ్లిన పేగుకూ, రోగమున్న పేగుకూ తేడా తెలియకుండాపోతుంది. ఎడారి వేడిలో ఈ గడువు ఇంకా తక్కువ.

పని ఇలా సాగుతుంది. ఈకలు ఎగరకుండా పిల్లను సబ్బునీళ్లలో ముంచి తీస్తారు. తొడకూ పొట్టకూ మధ్య చర్మం కోసి, కాళ్లు రెండు పక్కలకు విరిచి పరుస్తారు. తొడ కండరాల మీద ఎర్రటి రక్తపు మచ్చలు ఉన్నాయా అని మొదట చూస్తారు. ఉంటే గంబోరో వైపు చూపు మళ్లుతుంది. ఛాతీ ఎముక ఎత్తి కాలేయం, గుండె చూస్తారు. లేత పసుపు రంగులో పాలిపోయిన కాలేయం బూజు మేతను గుర్తుచేస్తుంది. 1960లో ఇంగ్లండులో లక్ష టర్కీ కోళ్లు చనిపోయాక బయటపడిన అఫ్లటాక్సిన్ విషం అలాంటి మేతలోదే. తర్వాత పేగును బయటికి లాగి, కోయకముందు బయటి గోడనే చూస్తారు.

ఈ దశే నిర్ధారణకు గుండెకాయ. డుయోడినం గోడ మీద నిచ్చెన మెట్లలా తెల్లటి అడ్డగీతలు ఉంటే ఐమీరియా అసర్వులినా. పేగు మధ్యభాగం బుడగలా ఉబ్బి, గోడ మీద ఎరుపు, తెలుపు చుక్కలు ఉప్పు, కారం చల్లినట్లు కనిపిస్తే ఐమీరియా నెకాట్రిక్స్. రెండు సీకాలూ ఉబ్బి, కోస్తే గడ్డకట్టిన రక్తం బయటపడితే ఐమీరియా టెనెల్లా. పేగు పెళుసుగా, గాలితో ఉబ్బి, లోపలి పొర తుండుగుడ్డలా గరుకుగా, దుర్వాసనతో ఉంటే పేగు కుళ్లు. ప్రోవెంట్రిక్యులస్ గ్రంథుల మొనల మీద రక్తపు చుక్కలు రాణిఖేత్‌కు గుర్తు. అదే ప్రోవెంట్రిక్యులస్, కందనకాయ కలిసేచోట రక్తపు పట్టీ ఉంటే గంబోరో కూడా కావచ్చు. బర్సాను కోసి చూస్తే ఆ అనుమానం తీరుతుంది.

రక్తపారుడు తీవ్రతను 0 నుంచి 4 వరకు అంకెలతో వేసే పద్ధతిని 1970లో జాన్సన్, రీడ్ రూపొందించారు. నేటికీ ప్రపంచమంతా దాన్నే వాడుతోంది. 0 అంటే మచ్చ లేదు, 4 అంటే చావు అంచు.

ఒక హెచ్చరిక. ఒక్కసారిగా గుంపులు గుంపులుగా చావులు, జుట్టు నల్లబడటం, ముఖం వాపు కనిపిస్తే శవాన్ని అక్కడ కోయకూడదు. బర్డ్ ఫ్లూ అనుమానంతో అధికారులకు తెలపాలి. 2025 ఫిబ్రవరిలో పశ్చిమ గోదావరి జిల్లా వేల్పూరు, తూర్పు గోదావరి జిల్లా కానూరు ప్రాంతాల్లో కోళ్లు పెద్దసంఖ్యలో చనిపోయినప్పుడు నమూనాలు భోపాల్‌లోని అత్యున్నత భద్రత ప్రయోగశాలకు వెళ్లాయి. బర్డ్ ఫ్లూ అక్కడే ఖాయమైంది. అలాంటప్పుడు కోడిని కోసి చూడాలన్న ఆత్రుత మనిషికే ప్రమాదం.

ప్రయోగశాల

పేగు లోపలి పొర గీరి, ఒక చుక్క ఉప్పునీటితో స్లైడు మీద పెట్టి మైక్రోస్కోపులో చూడటం అత్యంత చౌకైన పరీక్ష. ఐమీరియా దశలు అందులో తెలిసిపోతాయి. రెట్టను గాఢమైన ఉప్పు ద్రావణంలో కలిపితే ఊసిస్టులు, ఏలికపాముల గుడ్లు పైకి తేలతాయి. మాక్‌మాస్టర్ గది అనే గాజు పలకలో వాటిని లెక్కించి, గ్రాముకు ఎన్ని ఉన్నాయో చెబుతారు. ఒక మెలిక గుర్తుంచుకోవాలి. టెనెల్లా వ్యాధిలో రక్తం పడేది పరాన్నజీవి లోపలికి వెళ్లిన ఐదారు రోజులకు. ఊసిస్టులు రెట్టలో కనిపించేది దాదాపు ఆ తర్వాతే. కాబట్టి రెట్టలో ఊసిస్టులు లేవన్న నివేదిక చేతికి వచ్చినా, సీకాలో రక్తం ఉంటే రక్తపారుడే.

బాక్టీరియాకు వేరే దారి. సాల్మోనెల్లా అనుమానముంటే కాలేయం, సొన సంచి నుంచి నమూనా తీసి ప్రత్యేక మాధ్యమాల్లో పెంచుతారు. కొన్ని మాధ్యమాల్లో కాలనీ నడుమ నల్లచుక్క చాలా రకాల సాల్మోనెల్లాకు ఆనవాలు. క్లాస్ట్రిడియంకు పేగు గీరిన స్లైడును గ్రామ్ రంగుతో పరీక్షిస్తే ఊదారంగు లావు కడ్డీలు గుంపులుగా కనిపిస్తాయి. అయితే ఆరోగ్యవంతమైన పేగులోనూ ఈ బాక్టీరియా కొద్దిగా ఉంటుంది. గాయంతో కలిసి గుంపుగా ఉన్నప్పుడే అది రోగం. బాక్టీరియా దొరికాక ఏ మందుకు లొంగుతుందో చూసే పరీక్ష తప్పనిసరి. వైరస్‌కైతే దాని జన్యువును పట్టే పీసీఆర్ పరీక్ష చేస్తారు.

నమూనా పంపే తీరు ఫలితాన్ని నిర్ణయిస్తుంది. కణజాల పరీక్షకు పేగు ముక్కలను కోసిన వెంటనే పది శాతం ఫార్మలిన్‌లో, ముక్క పరిమాణానికి పదింతల ద్రవంలో వేయాలి. వాటిని గడ్డకట్టించకూడదు. బాక్టీరియా పరీక్షకు ఫార్మలిన్ తగలకూడదు, మంచు ప్యాకుల మీద పంపాలి. వయసు, మేత, టీకాల వివరాలు, ఇప్పటికే వేసిన మందు పేరు రాసిన చీటీ జతచేయాలి. మందు వేశాక తీసిన నమూనాలో బాక్టీరియా పెరగకపోతే అందులో ఆశ్చర్యం లేదు.

ఖతర్‌లో పశువుల ఆరోగ్య వ్యవహారాలు మునిసిపాలిటీ మంత్రిత్వ శాఖ కిందికి వస్తాయి. తెలుగు రాష్ట్రాల్లో జిల్లా పశువ్యాధి నిర్ధారణ కేంద్రాలు, తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం, రాజేంద్రనగర్‌లోని పి.వి.నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయం రైతులకు దగ్గరగా ఉన్న చిరునామాలు.

చికిత్స, నివారణ, ఒంటె పక్కన కోడి

నిర్ధారణ తేలాకే చికిత్స. రక్తపారుడుకు నీటిలో ఆంప్రోలియం ఇస్తారు. మేతలో సాలినోమైసిన్, మోనెన్సిన్ వంటి మందులను ముందుజాగ్రత్తగా కలుపుతారు. అల్ షహానియా లాంటి ఒంటెల ఊరికి ఇక్కడ ప్రత్యేకమైన ప్రమాదం పొంచి ఉంది. కోడికి మేలు చేసే ఈ మేత మందులు గుర్రానికీ ఒంటెకూ విషం. గుండె, కండరాలు దెబ్బతిని అవి చనిపోతాయి. కోళ్ల దాణా బస్తా ఒంటెల మేత పక్కన పెట్టకూడదు, అదే గిన్నెతో తోడకూడదు, మిగిలిన దాణాను ఒంటెకు వేయకూడదు. ఒక దొడ్డిలో కోడీ ఒంటే కలిసి ఉన్నచోట ఈ నియమాన్ని గోడమీద రాసి పెట్టుకోవాలి.

యాంటీబయాటిక్ విషయంలో భారత ప్రభుత్వం 2019లో కోలిస్టిన్‌ను ఆహార జంతువుల్లో నిషేధించింది. మనుషుల ప్రాణాలు కాపాడే చివరి అస్త్రాల్లో ఒకటైన మందును కోళ్ల దాణాలో ఖర్చుచేయడం తగదన్నది దాని భావం. వైరస్‌కు యాంటీబయాటిక్ పనిచేయదు. గంబోరో, రాణిఖేత్‌లకు టీకాలే శరణ్యం. రాణిఖేత్ టీకా సాధారణంగా మొదటి వారంలో మొదలవుతుంది. గంబోరో టీకా రోజును తల్లి నుంచి వచ్చిన రక్షణ బట్టి పశువైద్యుడు నిర్ణయిస్తాడు.

మిగిలినదంతా శుభ్రత. బ్యాచ్‌కు బ్యాచ్‌కు మధ్య షెడ్డు ఖాళీగా ఉంచడం, కింద పరిచిన లిట్టర్ తడిస్తే తీసి పొడి ఊక వేయడం, నీటి నిపుల్ లీకేజీలు బాగుచేయడం, మొక్కజొన్న తేమ 13 శాతం దాటకుండా చూడటం, గుమ్మం దగ్గర చెప్పులు మార్చడం. పిల్లలను పట్టుకున్న చేతులను సబ్బుతో కడుక్కోవడం కూడా ఇందులో భాగమే. సాల్మోనెల్లా మనుషులకూ, ముఖ్యంగా చిన్నపిల్లలకూ సోకుతుంది.

ముగింపు

తేమ నిండిన గోదావరి తీరం, ఎండిన ఖతర్ ఎడారి రెండూ కోడిపిల్ల కడుపుకు వేర్వేరు పరీక్షలు పెడతాయి. ఒకచోట లిట్టర్ తడి, మరోచోట ఉప్పునీరు ముందు అనుమానించాలి. కానీ తెలుసుకునే దారి రెండుచోట్లా ఒకటే: వయసు అడగడం, మేతసంచి నొక్కడం, నీరు పరీక్షించడం, తాజా శవాన్ని కోసి చూడటం, ఆ తర్వాతే మందు. పిల్లలు చనిపోతున్నప్పుడు మందుల దుకాణానికి పరుగెత్తే ముందు, తెల్లవారుజామున చనిపోయిన రెండు పిల్లలను మంచు ప్యాకుతో దగ్గరి ప్రయోగశాలకు తీసుకెళ్లండి. మందు పేరు అక్కడే తెలుస్తుంది.